బళేపేటకు ఒంటరిగా, ఇద్దరం

పిల్లల్ని పెంచడానికి కొందరు బెత్తం వాడతారు, కొందరు బుజ్జగింపు. నేను అబద్ధాలు వాడాను. బళేపేట సందుల్లోకి గాజులు కొనడానికి వెళ్ళిన ఒకావిడ బయటికి దారి దొరక్క అక్కడే కాపురం పెట్టిందనీ, ఇప్పుడు మనవళ్ళ చేత దారి వెతికిస్తోందనీ మా అమ్మాయికి నాలుగేళ్ళప్పుడు చెప్పాను. పన్నెండేళ్ళొచ్చే దాకా నా చెయ్యి వదల్లేదు. మా బొమ్మనహళ్ళి మొత్తానికి నా అంత సమర్థుడైన తండ్రి లేడనుకున్నాను.

పదహారు నిండగానే, కాలేజీకి స్కూటర్ మీద దింపొద్దు, బస్సులో పోతానంది. తీర్పు మా ఆవిడ చెప్పింది.

"శనివారం ఒక్కతే బళేపేటకు పోయి నాకు గాజులు తేనీ. మధ్యలో నాయనకు ఫోన్ చేసిందంటే స్కూటరే. చెయ్యకుండా వచ్చిందంటే బస్సు."

ఫోన్ చేసి తీరుతుందని నాకు నమ్మకం. కథ అంత బాగా చెప్పాను మరి.

శనివారం బయల్దేరే ముందు లైవ్ లొకేషన్ పంపమన్నాను.

"అదెట్లా నాయనా?" అంది అమాయకంగా.

"ఇదో, ఇది నొక్కి, ఎనిమిది గంటలని పెట్టి పంపడమే." నా ఫోన్‌లోంచి తనకే పంపి చూపించాను.

"ఓహో," అని తన ఫోన్ సంచిలో పడేసుకుని వెళ్ళిపోయింది.

ఎర్రటి ఎండలో కోతి టోపీ పెట్టుకుని అదే బస్సెక్కాను. ముందు ఆడవాళ్ళ సీట్లలో తను, చివరి సీట్లో నేను.

"ఏన్ సార్, చళి జ్వరానా?" అన్నాడు కండక్టర్ కన్నడంలో.

తలూపాను. పక్కనాయన లేచి వేరే సీటుకు పోయాడు.

బళేపేటలో ఆ పిల్ల ఒకే టీ కొట్టు ముందు నుంచి నాలుగుసార్లు నన్ను తిప్పింది. దారి తెలియక తిరుగుతోంది పాపం, ఇప్పుడో ఇంకాసేపట్లోనో ఫోన్ చేస్తుందని మురిసిపోతూ తిరిగాను. అయిదోసారి మలుపులో మాయమైంది. ఎటు చూసినా అదే సందు. కాపురం పెట్టిన ఆవిడ గుర్తొచ్చింది. నా కథను నేను నమ్మడం అదే మొదలు. చివరికి నేనే ఫోన్ చేశాను.

"నాయనా, బోల్టుల అంగడి ముందర ఉండావు కదా? ఎడమకు తిరిగి నేరుగా రా."

"నీకెట్లా తెలుసు?"

"నువ్వే పంపినావు కదప్పా లొకేషను, ఎనిమిది గంటలని పెట్టి. ముందు ఆ టోపీ తీసెయ్, అందరూ చూస్తా ఉండారు."

ఇంట్లో మా ఆవిడ గుమ్మంలోనే నిలదీసింది.

"నాయనకు ఫోన్ చేసినావా?"

"లేదుమ్మా. ఆయనే చేసినాడు."

"ఎందుకు?"

కోతి టోపీని జేబులో ఇంకాస్త లోపలికి తోశాను. అమ్మాయి కళ్ళార్పకుండా చెప్పింది: "విమానాలు చూద్దామని దేవనహళ్ళి బస్సెక్కినాడంట. నిద్రపోయి యాడనో దిగి, దోవ తెలీక చేసినాడు."

మా ఆవిడ నావైపు తిరిగింది. "నిజమేనా?"

"నాలుగు విమానాలు చూశాను," అన్నాను.

"నిద్రలోనా?"

అమ్మాయి గబగబా గాజుల పొట్లం విప్పింది.

"సోమవారం నుంచి నువ్వు బస్సు," అంది మా ఆవిడ గాజులు తొడుక్కుంటూ. "ఈయప్పను మాత్రం ఒక్కణ్ణే యాడికీ పంపగూడదు."