డోలు ఆగింది, అక్క ఆగలేదు

డోలు ఆగిపోయినా మా అక్క ఆడుతూనే ఉంది. హాలు నిండా జనం చూస్తున్నారు.

అక్క అంటే తోబుట్టువు కాదు, తోడికోడలు. పై వాటా వాళ్ళది, కింది వాటా మాది, వంట మాత్రం ఒక్కచోటే. నేను కాపురానికి వచ్చేనాటికి ఆవిడ మరమగ్గాల మిల్లులో పనిచేసేది. ఆ మోతలో చెవి దగ్గర అరిచినా వినపడదు కాబట్టి అక్కడి ఆడవాళ్ళు ఒకరి పెదవులు ఒకరు చూసుకుంటూనే లోకంలోని కబుర్లన్నీ చెప్పుకునేవారట. ఏ మగ్గం లయ తప్పుతోందో ముందు పాదాలకే తెలుస్తుందని ఒకసారి ఆవిడే అంది. కోతలు కోస్తోందనుకున్నాను. తర్వాత మిల్లు మూతపడింది. దాని గోడౌను పై అంతస్తుని ఊరివాళ్ళు హాలుగా మార్చుకుంటే, అక్క అందులో పాటా ఆటా నేర్పడం మొదలుపెట్టింది.

‘నడక వచ్చినా రాకపోయినా, గొంతు ఉన్నా లేకపోయినా, అందరూ రండి’ అని తలుపు మీద సుద్దముక్కతో అక్కే రాసింది. వచ్చేవాళ్ళూ అలాంటివాళ్ళే. చేతులు వణికే రిటైర్డ్ బస్సు కండక్టరు, మనవరాలిని దింపడానికి వచ్చి తానే చేరిపోయిన నానమ్మ, మాట ఆలస్యమైన పిల్లలు, చక్రాల కుర్చీలో రయ్యిమని దూసుకొచ్చే అమ్మాయి. ఆ పిల్లని అందరూ బుల్లెట్ అంటారు. డోలు వాయించేది మా వీధి ఎలక్ట్రీషియన్. వైర్లతో కంటే డోలుతోనే ఎక్కువసేపు గడుపుతాడని అతని భార్య గొడవ.

అక్కకి పట్టింపులు ఎక్కువ. చెప్పులు బయటే విడవాలి. డోలుని స్టాండు ఎక్కించకూడదు, చెక్క నేల మీదే ఉండాలి. “చెవులు ఇంట్లో పెట్టి రండి, కాళ్ళు మాత్రం తెచ్చుకోండి” అనేది క్లాసు మొదట్లో. “నేను చక్రాలు తెచ్చుకున్నా టీచర్” అనేది బుల్లెట్. అందరూ నవ్వేవాళ్ళు. మూల కుర్చీలో నీళ్ళ సీసా పట్టుకుని కూర్చునే నేను కూడా.

ఇంట్లో మాత్రం ఆవిడతో నాకు చచ్చేచావు. వెనక నుంచి పిలిస్తే పలకదు. పాలు పొంగుతున్నాయి మొర్రో అన్నా తిరిగి చూడదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందని మా ఆయన దగ్గర రోజూ విసుక్కునేదాన్ని. టీచరమ్మ అయ్యాక కళ్ళు నెత్తికెక్కాయనుకున్నాను. బావగారేమో ఏం చెప్పాలన్నా ముందు ఆవిడ భుజం తట్టేవారు. ఈ వయసులో ఈ ముచ్చట్లేమిటని మూతి తిప్పుకునేదాన్ని.

ఏడాదికోసారి ఇళ్ళవాళ్ళని పిలిచి క్లాసు చూపిస్తారు. ఈసారి కండక్టరుగారు సూత్రధారిగా అందరూ కలిసి అక్కకి తెలియకుండా ఒక ఏర్పాటు చేశారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, పైగా కిందటి నెల కండక్టరుగారే జారిపడ్డారు. అందుకని వ్యాయామం చేసేచోట పరిచే మందపాటి రబ్బరు చాపలు తెచ్చి గోడ నుంచి గోడకి పరిచేశారు. డోలుకి కొత్త స్టాండు కూడా వచ్చింది. ఒక చాప కొస నేనే పట్టుకున్నాను. అక్క వచ్చి, చూసి, గుమ్మంలోనే నిలబడిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంతోషమనుకున్నాం.

క్లాసువాళ్ళకి ఎదురుగా, డోలుకి వీపు పెట్టి అక్క నిలబడింది. రోజూ అలాగే నిలబడుతుంది. ఎలక్ట్రీషియన్ మొదలుపెట్టాడు. అక్క చెయ్యి లేపింది, లేపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. కాసేపటికి అడుగు వేసింది. డోలు ఒక దారి, అడుగు ఒక దారి. అంతకంటే విడ్డూరం, క్లాసు క్లాసంతా డోలుని వదిలేసి ఆవిడ వెనకే పోయింది. టీచరమ్మ వేసిందే వాళ్ళకి తాళం. చూడవచ్చినవాళ్ళు ఇదేదో హాస్యమనుకుని పగలబడి నవ్వారు. ఎలక్ట్రీషియన్ కంగారుపడి వాయించడం ఆపేశాడు.

అక్క ఆగలేదు. నిశ్శబ్దంలో చప్పట్లు కొడుతూ, “గట్టిగా, ఇంకా గట్టిగా” అంటూ ఆడుతోంది.

ముందు బుల్లెట్ ఆగింది. తర్వాత ఒక్కొక్కరే ఆగిపోయారు. ఆ ముఖాలు చూసి అక్క వెనక్కి తిరిగింది. ఎలక్ట్రీషియన్ చేతులు ఒళ్ళో ఉన్నాయి.

బుల్లెట్ కుర్చీ తిప్పుకుని ఆవిడ ఎదురుగా వచ్చింది. “టీచర్, మీకు వినపడదా?”

“వినపడదమ్మా,” అంది అక్క. “చాలాకాలమైంది. మగ్గాల దగ్గరే సగం పోయింది. నేల చెబుతుంటే నెట్టుకొచ్చాను. మీ బావగారికి తెలుసు.” చివరి మాట నా వైపు చూసి అంది.

ఒకే పొయ్యి మీద ఇద్దరం వండుకున్నాం. బావగారికి చెప్పుకుంది, నాకు చెప్పలేదు. కోపం వచ్చింది, దుఃఖమూ వచ్చింది. నా శంఖం సామెత నాకే గుచ్చుకుంది.

“ముందే చెప్పొచ్చు కదమ్మా,” అన్నారు కండక్టరుగారు ఆవిడ ఎదుటికి వచ్చి.

“చెవిటిదాని దగ్గరికి సంగీతానికి ఎవరొస్తారు బాబాయ్? ఇక వేరేవాళ్ళని చూసుకోండి.”

“అందరూ రండి అని రాసింది మీరే కదా,” అంది బుల్లెట్. “అందరిలో మీరు లేరా?”

అక్క ఆ పెదవుల వంకే చూసింది. బయటికి నడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగసాగింది.

నేను గుమ్మం దాకా పరుగెత్తాను. “అక్కా” అని పిలిచాను. తిరగలేదు. అలవాటుకొద్దీ ఒళ్ళు మండబోయింది, అంతలోనే సిగ్గేసింది. గుమ్మం అవతల చాప లేదు, అంతా మిల్లునాటి చెక్కే, మెట్లతో సహా. నేను ఏనాడూ క్లాసులో చేరలేదు. కానీ మూల కూర్చుని విని విని ఆ తాళం నిద్రలో కూడా వదలదు. చెప్పులు విసిరేసి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, ఆ తాళాన్ని నేల అదిరేలా కాలితో వేశాను.

అక్క మెట్టు మీద ఆగింది. దిగబోయిన పాదాన్ని వెనక్కి తీసి చెక్కకి ఆనించింది. నేను ఆపలేదు. నా వెనక హాల్లో చాపలు లాగేస్తున్నారు.

ఆవిడ మెల్లగా వెనక్కి తిరిగింది. ముఖమంతా తడిసి ఉంది.

“చివరిది తొందరపడ్డావు చెల్లీ,” అంది. “మళ్ళీ వెయ్యి.”