జానెడు తొలగిన తెర

రెండేళ్ల కిందట, వానలు మొదలైన కొత్తలో, నాచారంలోని ఒక మందుల కంపెనీ మీటింగు హాల్లో నాకు మూడు రోజుల పని దొరికింది. మాది ఉప్పల్. ఇరవై ఏళ్లుగా సభలకు మైకులు, ఇంటర్‌ప్రెటేషన్ సెట్లు అద్దెకిస్తున్నాను. ఒకరు తమ భాషలో మాట్లాడుతుంటే, హాలు మూలన బూత్ అనే చిన్న గదిలో కూర్చున్న అనువాదకురాలు అదే మాటను అప్పటికప్పుడు వేరే భాషలో చెబుతుంది. ఆమె గొంతు అందరి చెవులకూ చేరేలా చూడటం నా పని.

వచ్చినవాళ్లు రెండు మిత్రదేశాల అధికారులు. దేశాల పేర్లు చెప్పను. ఒకరిది ఫ్రెంచి, ఇంకొకరిది ఇంగ్లిషు. నెల రోజుల్లో వాళ్ల ప్రాంత దేశాల శిఖరాగ్ర సమావేశం ఉంది. మందులు కలిసి కొంటామని అక్కడ ప్రకటించాలి. ఆ మందుల గిడ్డంగి ఎవరి గడ్డ మీద ఉండాలన్న దగ్గరే పేచీ. ఫొటోకు భుజాల మీద చేతులు వేసుకునేవారు, ఫొటో అయిపోగానే ఎవరి ఫైళ్లు వారు బోర్లించేవారు. దోస్తులంటే ఇట్లా ఉంటారా అని నాకు నవ్వొచ్చేది.

మొదటి రోజే ఫ్రెంచి జట్టు పెద్దాయన, ఇక్కడి మాట బయటికి పోదు కదా అని సుజాత చేత నన్ను అడిగించాడు. సుజాత వాళ్ల అనువాదకురాలు, మా ఉప్పల్ అమ్మాయే. పన్నెండేళ్లుగా నా సెట్ల మీదే పనిచేస్తోంది.

"పోదని చెప్పమ్మా. మనది రేడియో గాదు, ఇన్‌ఫ్రారెడ్. గోడ దాటదు," అన్నాను.

ఇన్‌ఫ్రారెడ్ అంటే కంటికి కనబడని వెలుగు. అది మెడలో వేసుకునే రిసీవర్ అనే చిన్న డబ్బాకు మాటను మోసుకుపోతుంది. మాట అందుతుంటే డబ్బా మీద పచ్చ లైటు, అందకపోతే ఎర్ర లైటు.

రెండో రోజు మధ్యాహ్నం ఇంగ్లిషు జట్టు మెడలో డబ్బాలు తీయకుండానే టీకి వరండాలోకి వెళ్లింది. ఫ్రెంచి జట్టు లోపలే ఉండి తమలో తాము మాట్లాడుకుంది. వాళ్ల లాయరుకు ఫ్రెంచి రాదు కాబట్టి సుజాత బూత్‌లోంచి ఇంగ్లిషులో చెబుతూనే ఉంది. గిడ్డంగి దక్కకపోయినా దాని అజమాయిషీ దక్కితే ఒప్పేసుకుందామన్నది వాళ్ల ఆఖరి మాట. అది బయటపడకూడదు. ఆ మాటలు అయిపోయాక సుజాత కూడా వరండాలోకి వెళ్లి టీ తాగొచ్చింది.

ఇంగ్లిషు జట్టు తిరిగొచ్చి కూర్చుంటూనే, "గిడ్డంగి మాకు, అజమాయిషీ మీకు. సరేనా?" అంది.

పెద్దాయన మొహం మాడిపోయింది. లేచి నిలబడ్డాడు. మీటింగు అక్కడే ఆగింది, అందరి చూపులూ సుజాత మీదికి తిరిగాయి. విదేశీ అతిథులను చూసుకునే మన ప్రోటోకాల్ అధికారి మూర్తిగారు ఆమె ఫోన్ తీసుకుని, నా వైపు తిరిగారు. "మీరేమైనా చూశారా?"

"టీ కాడ సుజాత ఇంగ్లిషు జట్టు మేడంతోని మాట్లాడంగ సూసిన సర్," అన్నాను. నిజం చెప్పొద్దూ, నేనూ ఆమెనే అనుమానించాను. సుజాత నన్ను ఒక్కసారి చూసి తల దించుకుంది.

పెద్దాయననూ మూర్తిగారినీ సుజాతనూ లోపల వదిలి మిగతావాళ్లమంతా బయటికొచ్చాం. తలుపు మూశారు. వరండాలో డబ్బాలు ఏరుకుంటుంటే, కిటికీ గట్టు మీద ఒకటి పచ్చగా వెలుగుతూ కనబడింది. వరండాలో అది ఎర్రగా ఉండాలి. చెవిలో పెట్టుకున్నాను.

"వాన ఎప్పుడు ఆగుతదని అడిగింది సర్, గంతే. నేనేం జెప్పలే," అంటోంది సుజాత. లోపలి టేబుల్ మైకులు నేను ఆపలేదు, వాటిలో పడ్డ మాట కూడా ఈ డబ్బాల్లోకే వస్తుంది.

తలెత్తి చూస్తే హాలు అద్దాల గోడకు తెర జానెడు తొలగి ఉంది. తొలగించింది నేనే. బయట టీ అయిందో లేదో చూసుకుని లోపలివాళ్లకు చెప్పాలి కాబట్టి, ఆపరేటర్ కంటికి మనుషులు కనబడాలన్నది మా పనిలో అలవాటు. గోడ దాటని వెలుగు అద్దం దాటుతుందని ఇరవై ఏళ్లుగా తెలుసు. తెలిసీ మరిచాను.

లోపలికెళ్లి ఆ తెర సర్దేస్తే చాలు, పచ్చ లైటు ఎర్రగా మారేది, నా తప్పు ఎవరికీ తెలిసేది కాదు. సుజాతను మాత్రం ఇంకెవరూ బూత్‌లో కూర్చోబెట్టేవారు కాదు. సిగ్గుతో చచ్చిపోతూనే లోపలికెళ్లి, ఉన్నదున్నట్టు చెప్పాను.

మూర్తిగారు కళ్లు చిన్నవి చేశారు. "ఆవిడ మీకేమవుతారు? ఇలా చెప్పమని ఎవరన్నారు?"

నా చాడీని అప్పటికప్పుడు నమ్మిన మనిషి నా నిజాన్ని నమ్మడం లేదు!

"నమ్మకుంటె బయట నిలబడి ఇనుర్రి సర్," అన్నాను.

పెద్దాయన, మూర్తిగారు, నేను ముగ్గురం డబ్బాలు పెట్టుకుని వరండాలో నిలబడ్డాం. లోపల సుజాత బూత్‌లో కూర్చుని ఫ్రెంచిలో అంకెలు చదివింది. పెద్దాయన తలూపాడు. తర్వాత తెలుగులో వినిపించింది.

"యాదన్నా, ఇనబడుతుందా? పన్నెండేండ్ల సంది నా గొంతు ఇంటున్నవ్. గా మాటేదో ముందుగాల నన్నే అడగకపోతివి?"

ఆమె ఏమందని పెద్దాయన అడిగాడు. మూర్తిగారు చెవిలోది తీసేసి, సౌండ్ బాగుందంటోందని ఇంగ్లిషులో చెప్పారు. నేను నేల చూపులు చూశాను.

ఆమె ఫోన్ ఆమెకిచ్చారు. టీ తాగుతూ విన్నదెవరో ఇంగ్లిషు జట్టు ఎప్పటికీ చెప్పలేదు. ఒప్పందం మాత్రం కుదిరిందని తర్వాత పేపర్లో చదివాను. గిడ్డంగి ఇంగ్లిషు జట్టుకు, అజమాయిషీ ఫ్రెంచి జట్టుకు.

ఇప్పుడు టీ టైముకు డబ్బాలన్నీ వాపసు తీసుకుంటాను, మైకులు ఆపుతాను, తెర పూర్తిగా మూస్తాను. ఒకరి మీద నోరు విప్పేముందు ఆ మనిషినే అడగాలని కూడా ఆ రోజే నేర్చుకున్నాను. సుజాత ఇప్పటికీ నా సెట్ల మీదే పనిచేస్తుంది, అన్నా అనే పిలుస్తుంది. కానీ నేను తెర మూసిన తర్వాత, బూత్‌లోంచి లేచొచ్చి తను మళ్లీ ఒకసారి లాగి చూసుకుంటుంది.