భాయి పెట్టిన బిందె

మా పక్కింటి భాయి పోయాడన్న కబురు నాకు నల్లా దగ్గర తెలిసింది. ఆయన బిందె అప్పటికే వరుసలో ఉంది. పొద్దున్నే తానే తెచ్చి పెట్టి, ఇంటికి పోయి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట.

మగవాడు నీళ్లకు వస్తాడని మా గల్లీ ఆడవాళ్లు నవ్వేవాళ్లు. "ఏం భాయీ, బేగం గోరింట వెట్టుకున్నదా?" అంటే, "నేనే వెట్టిన. ఆరేదాంక నీళ్లు నేనే మోయాలె" అనేవాడు.

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. నల్లగొండలో భాయి పనిచేసిన ఎముకల దవాఖాన వాళ్లు ఆయన చేసిన కంప్యూటరు పేజీలోని బిందెను తీసేస్తామంటున్నారు. తీయొద్దు. ఎందుకో వినండి.

మనవరాలిది మర్రిగూడ. అక్కడి ఫ్లోరైడు బోరు నీళ్లకు పిల్ల మోకాళ్లు వంకరపోయాయి. ఆపరేషన్ చేయాలో వద్దో పట్నం డాక్టరు చెప్పాలి. పిల్ల ఎక్స్‌రే బొమ్మను భాయి చేసిన ఇంటర్నెట్టు పేజీలో పెడితే, టెలిఫోను తీగ మీద ముక్కలు ముక్కలుగా పట్నం పోతుంది. చాలాసేపు పడుతుంది. అంతసేపూ తెర తెల్లగా, ఉలుకూ పలుకూ లేకుండా ఉండేది. ఆగిపోయిందనుకుని కౌంటరు నర్సమ్మ మళ్లీ మీట నొక్కింది. నొక్కితే పోయిన ముక్కలన్నీ దండగ, మళ్లీ మొదటి నుంచి. ఆమె నొక్కుతూనే ఉంది. అవతల డాక్టరు లేచి వెళ్లిపోయాడు.

భాయి మీద విరుచుకుపడ్డాను. "పోతాందా, సచ్చిందా? గదన్న చెప్పాలె గద నీ డబ్బ!"

"నిజమే అమ్మా. నల్లా కాడ బిందె వెట్టినంక వంతు ఎటు పోతదన్న ఫికరుండదు. గట్లనే చేస్త."

చేశాడు. ఒకసారి నొక్కగానే తెర మీద బిందె కనిపిస్తుంది, నొక్కే మీట మాయమవుతుంది, బొమ్మ పోయినకొద్దీ బిందె నిండుతుంది. చదువు రాని నాకూ అర్థమైంది. కానీ మొదటిరోజు బిందె అంచుదాకా నిండినా బొమ్మ పట్నం చేరనే లేదు. అడిగితే, జనం నిమ్మళంగా ఉంటారని నీళ్లు వాటంతటవే పైకొచ్చేట్టు పెట్టానన్నాడు.

"నిండిందని పిలిచి ఉత్త బిందె నెత్తిన వెడ్తవా? మందితోని ఆటలా?"

ఆయనకు కోపం రాలేదు. "రేపటి సంది అబద్ధమాడదమ్మా. ముక్క పోతెనే చుక్క వడ్తది."

పిల్ల బొమ్మ మళ్లీ పంపిన రోజు నీళ్లు సగంలో ఆగాయి. నర్సమ్మ వేలు మీట కోసం వెతుక్కుంది. భాయి తెర మీది రాత చదివాడు: "లైను ఆగింది. మీ వంతు ఎటూ పోలేదు." నావైపు తిరిగి, "పోయి చాయ తాగి రాపో అమ్మా" అన్నాడు. తాగి వచ్చేసరికి బిందె అక్కడే, సగం నీళ్లతోనే ఉంది. చూస్తుండగానే ఒక చుక్క పడింది. తర్వాత ఇంకొకటి.

డాక్టరు బొమ్మ చూశాడు. ఆపరేషన్ అయింది. ఇది రాస్తున్న పిల్ల ఇప్పుడు నా మందులకు బజారుకు తానే నడిచిపోతుంది.

బిందె పాత ముచ్చటట. దాని జాగాలో గిరగిరా తిరిగే చక్రం పెడతాడట కొత్త మేనేజరు. పని సాగినా చక్రం తిరుగుతుంది, ఆగినా తిరుగుతుంది. గానుగెద్దూ తిరుగుతుంది బాబూ, ఎంత నూనె దిగిందో అది చెబుతుందా? "ఆగినదాన్ని ఆగిందనే చెప్పాలె, గప్పుడే మంది ఆగుతరు" అనేవాడు భాయి. దవాఖానలో కూర్చునేది మేనేజరు కాదు, మేము. బిందెను ఉండనీయండి.

ఆ పొద్దున, మనిషి లేడని తెలిసినా నల్లా దగ్గర ఎవరూ ఆయన బిందెను దాటలేదు. అన్ని బిందెలతో పాటు అదీ ముందుకు జరిగింది. వంతు వచ్చాక నింపి, నేనే చంకనెత్తుకున్నాను. ఆయనకు ఆఖరి స్నానం పోయడానికి నీళ్ల కోసం గడపలో మగవాళ్లు ఎదురుచూస్తున్నారు. అంచుదాకా నిండిన బిందె. దారి పొడుగునా ఒక్క చుక్క కింద పడనీయలేదు నేను.