ఆ కంపు నాదే

యాష్‌వెల్‌లో ఎక్కడ ఏ కంపు కొట్టినా అది తనదేనని కాజిమిర్ డూబీల్ ఒప్పేసుకునేవాడు. ఎవరూ అడగకపోయినా సరే, తనే ముందుకొచ్చి ఒప్పుకునేవాడు.

ఊరంతా ఆయన్ని కాజ్ అంకుల్ అంటారు. ఎనభైకి దగ్గరపడ్డాడు. వాళ్ల తాత పోలండ్ నుంచి వచ్చి దిగిన నాటినుంచీ ఏటి ఒడ్డున ఆస్పరాగస్ అనే కాడకూర పండిస్తున్న వంశం. విడ్డూరమేమిటంటే, పుట్టి బుద్ధెరిగాక ఒక్క తప్పూ ఒప్పుకున్న మనిషి కాదు. తన పుంజు పక్కింటి పూలమొక్కల్ని పీకి పందిరేస్తే, "మా వాడికి పూలంటేనే పడదు, అది వేరే పుంజు అయ్యుంటుంది" అని పుంజుని చంకలో పెట్టుకుని మరీ వాదించిన ఘనుడు. అటువంటివాడు కిందటి వేసవినుంచి ఉన్నట్టుండి ఊళ్లో కంపులన్నీ నెత్తినేసుకోవడం మొదలెట్టాడు.

చర్చి విందులో పియెరోగీలు, అదే, పోలండ్ వాళ్ల కజ్జికాయలు, మాడిపోయాయి. వండిన ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుంటుంటే వెనక వరసలోంచి కాజ్ లేచాడు.

"అది నాదేనమ్మా."

"మీరు వంటగదిలోకి రానేలేదు కదా అంకుల్?"

"రాలేదు. అయినా నాదే."

డోరీన్ లపాయింట్ నడిపే బడి బస్సు నల్లగా పొగ కక్కుతూ ఆగిపోతే, ట్రాక్టరు మీద పోతున్నవాడల్లా దిగొచ్చి, "ఈ పొగ నాదే అమ్మాయ్, ఏమీ అనుకోకు" అన్నాడు. పొగ ఇంకా బస్సు గొట్టంలోంచే వస్తోంది. డోరీన్ గొట్టాన్ని చూసింది, ఆయన్ని చూసింది, మళ్లీ గొట్టాన్ని చూసింది. ఏం అనుకోవాలో తెలియక చివరికి థాంక్స్ చెప్పింది.

ఆ డోరీనే ఊరి వ్యవసాయ కమిటీకి అధ్యక్షురాలు. ఆశపడి అయింది కాదు. ఊరి సభలో "అధ్యక్షులుగా ఎవరుంటారు?" అని అడిగిన క్షణాన తుమ్ము వచ్చి, రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకోబోయి చెయ్యి పైకి లేపింది. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పటినుంచీ ఆవిడే.

కమిటీ పనల్లా ఒక్కటే, ఊరి చట్టం అమలు చూడటం. ఆ చట్టం ఉందని ఊరి మొదట్లో బోర్డు కూడా ఉంది: ఇది సేద్యం హక్కు ఉన్న ఊరు. ఏడాది పాటు నడిచిన పొలం మీద కంపనీ, రొదనీ, దుమ్మనీ ఎవడూ ఫిర్యాదు చేసి గెలవలేడు. ఏడాది నిండని పొలానికి మాత్రం ఆ రక్ష లేదు, గట్టిగా పట్టుబడితే మూయించొచ్చు. ఇల్లు కొనుక్కునే ప్రతివాడికీ ఈ సంగతి కాగితం మీద చెప్పి సంతకం పెట్టించుకుంటారు. బోస్టన్‌లో పళ్ల డాక్టరుగా చేసి రిటైరై వచ్చిన గ్రెగరీ ఫెన్విక్ కూడా పెట్టాడు. కాకపోతే చదవకుండా పెట్టాడు.

కొత్త ఇంటి వరండాలో కాఫీ పట్టుకుని కూర్చున్న మొదటి ఉదయమే ఆయనకి పందుల కంపు కొట్టింది. మధ్యాహ్నానికల్లా డోరీన్‌కి ఫోను. డోరీన్ ఆ వరండాలో నిలబడి గాలి పీల్చింది. అనుమానం లేదు, పందులే. ఇంతలో గేటు తీసుకుని కాజ్ వచ్చాడు, చేతిలో ఆస్పరాగస్ కట్ట.

"డాక్టరుగారూ, ఆ కంపు నాదే. ఇదిగో, మీ ఆవిడకివ్వండి. వెన్నలో వేయించుకోండి."

ఫెన్విక్ కట్ట అందుకుని అటూ ఇటూ తిప్పాడు. "మీకు పందులున్నాయా?"

"నాకా? ఆస్పరాగసే."

"దానికి పందుల కంపు ఎందుకు కొడుతుంది?"

"అదే నాకూ అర్థం కావట్లేదు," అన్నాడు కాజ్, చాలా విచారంగా.

డోరీన్‌కి బుర్ర తిరిగింది. కానీ పొలంవాడే ఒప్పుకున్నాడు, పొలం చూస్తే తాతల నాటిది. చట్టప్రకారం ఫిర్యాదు కొట్టేసింది. ఫెన్విక్ మళ్లీ పెట్టాడు. కాజ్ మళ్లీ ఒప్పుకున్నాడు. చలికాలం దాటేదాకా ఇదే భాగోతం. చివరికి డాక్టరు విసిగిపోయి డోరీన్‌ని నిలదీశాడు.

"రెండే రెండమ్మా. వేరే ఎవరో పందులు పెంచుతుండాలి, లేదా ఈయనకి మతి పోయి ఉండాలి. మొదటిదైతే ఆ పొలం మూయించండి. రెండోదైతే ఈయన్ని వృద్ధాశ్రమంలో చేర్పించండి. మే నెల సభలో ఏదో ఒకటి తేల్చాల్సిందే!"

డోరీన్‌కి ఆ రాత్రి అన్నం సయించలేదు. చిన్నప్పుడు తనకి సైకిలు తొక్కడం నేర్పిన మనిషిని వృద్ధాశ్రమానికి పంపడమా? చూసి చూసి ఎలా చేస్తుంది? పోనీ వేరే ఎవరైనా పెంచుతున్నారా అంటే, ఆ చుట్టుపక్కల ఉన్నదల్లా కాజ్ దగ్గర కొండవాలు కౌలుకి తీసుకున్న మారిబెల్ ఒటేరో. హోల్యోక్ పట్నంనుంచి కిందటి మేలో వచ్చిన, స్పానిష్ మాట్లాడే పోర్టోరికో పిల్ల, నర్సు ఉద్యోగం మానేసి ఉన్నదంతా ఆ నేలలో పోసింది. రోడ్డు పక్కన బల్లేసి మిరపకాయలమ్ముతుంది. మిరపకాయలకి మాత్రం పందుల కంపు ఎందుకొస్తుంది!

సభకి వారం ముందు డోరీన్ తనిఖీకి వెళ్లింది. కాజ్ తెల్లచొక్కా వేసుకుని కొట్టం ముందు ఎదురుచూస్తున్నాడు.

"నా పందులేవీ అని అడుగుతున్నావుగా? రా, చూద్దువుగాని."

లోపల గడ్డి మీద, దుప్పటి కప్పుకుని, ఒక పెద్ద ఆడపంది పడుకుని ఉంది.

"దీని పేరు బామ్మ," అన్నాడు గర్వంగా.

డోరీన్ వంగి వాసన చూసింది. ఇంకా దగ్గరికి వంగింది. లావెండర్ సబ్బు వాసన.

"అంకుల్, దీనికి స్నానం చేయించారా?"

"చేయించనా మరి? అధ్యక్షురాలు ఇంటికొస్తుంటే మురికిగా ఉంచుతామా? మా అమ్మ నన్నలా పెంచలేదు."

"కంపు దీనిదేనని చూపించడానికి కదా నన్ను లోపలికి రమ్మన్నారు!"

కాజ్ మొహం వెలవెలబోయింది. ఆ ముక్క ఆయనకి తట్టనే లేదు. అంతలో కొండ మీదనుంచి ఎవరో ఆడమనిషి స్పానిష్‌లో కేకేసింది. బామ్మ దుప్పటి విదిలించి లేచి, ఇద్దరి మధ్యనుంచీ దూసుకుని, కొండెక్కి అడవిలోకి మాయమైంది.

"దానికి స్పానిష్ వచ్చా?" అంది డోరీన్.

"చదువుకున్న పంది," అన్నాడు కాజ్, నేల చూపులు చూస్తూ.

మే సభకి హాలు నిండిపోయింది. ఫెన్విక్ జనాన్ని మంచి చేసుకోవాలని ఇంట్లో చీజు దట్టించి చేసిన లజానియా పళ్లెం తెచ్చి, హాలు వంటగది పొయ్యిలో వెచ్చబెట్టాడు. తర్వాత లేచి నించుని కంపు మీద పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు. అందరూ కాజ్ వైపు తిరిగారు. ఇంకేముంది, ఆ ముక్క అనేస్తాడని ముందు వరసవాళ్లు నవ్వడానికి సిద్ధమైపోయారు.

కాజ్ తీరిగ్గా లేచాడు. "అది నాది కాదు."

హాలంతా నోరెళ్లబెట్టింది. డోరీన్‌కి కుర్చీ కదిలినట్టయింది. "మరి ఎవరిదంకుల్?"

"మారిబెల్‌ది. అడవిలో పెంచుతోంది, ఇరవై దాకా ఉన్నాయి. నిన్నటితో వాటికి ఏడాది నిండింది. ఇప్పుడు ఫిర్యాదు చేసుకోండి డాక్టరుగారూ, మీ ఇష్టం."

మారిబెల్ రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఇక ఆ పందుల్ని ఎవరూ తోలెయ్యలేరు. డోరీన్ చట్టం తీసింది. ఏడాది. నిన్న. బామ్మా, స్పానిష్ కేకా ఆవిడ బుర్రలో అప్పటికి ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చున్నాయి.

"అయితే పియెరోగీలో? నా బస్సు పొగో?"

"పందుల కంపు ఒక్కటే నాదంటే నువ్వు పట్టేస్తావుగా? అందుకని అన్నీ నావే అన్నాను," అన్నాడు కాజ్. "చాలా కష్టమమ్మాయ్, ఒప్పుకోవడం. ఈ జన్మకి చాలు."

డోరీన్‌కి నవ్వొచ్చింది. ఏడాదిపాటు ఈయన మతి గురించి బెంగపెట్టుకుంది తను! ఫెన్విక్ ఎవరి మీద కోప్పడాలో తెలియక నిలబడే ఉన్నాడు.

అప్పుడే వంటగదిలోంచి నల్లటి పొగ బయల్దేరింది. లజానియా! ఫెన్విక్ మొహం కందగడ్డయింది. అలవాటు కొద్దీ జనమంతా కాజ్ వైపు చూశారు. కాజ్ చేతులు కట్టుకుని, ఎన్నడూ ఏ తప్పూ ఎరగనివాడిలా పైకప్పు చూస్తున్నాడు.

వెనక వరసలో మారిబెల్ కళ్లు తుడుచుకుని చెయ్యెత్తింది.

"అది నాదేనండీ."

ఆ పళ్లెం పొయ్యిలో పెట్టిందెవరో డోరీన్ కళ్లారా చూసింది. అయినా సుత్తి తీసి బల్ల మీద ఠంగుమని కొట్టింది. "ఏడాది నిండిన పొలం. ఫిర్యాదు కొట్టేశాం. ఎవరైనా వెళ్లి ఆ పొయ్యి ఆర్పండి!"

ఫెన్విక్ అందరికంటే ముందు పరిగెత్తాడు.