పసుపు గుడ్డ మీద ఎర్ర చుక్క

ఇస్తారి కాకది జగిత్యాల దగ్గర పల్లె. పందొమ్మిదేళ్లుగా ఒమాన్ దేశం ఇబ్రిలో ఒకే గ్యారేజీ. నాకున్నంత నోరు ఆయనకు లేదు. ఆరేళ్లుగా ఒకే రూమ్‌లో ఉంటున్నాం, ఎవరి మీదా గొంతెత్తగా చూడలేదు. ఆ నెమ్మదితనం చూస్తే నాకు ఒళ్లు మండేది.

మొన్న వేసవిలో పాత ఇల్లు బండి ఒకటి వచ్చింది. లోపల మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు ఉన్న బస్సులాంటి బండి. రిటైరైన ఒమానీ మాస్టారిది. వానల కాలంలో భార్యను తీసుకుని అందులోనే సలాలా పోతాడట. గోడ, కప్పు కలిసే చోట బయట వేసే రేకు పట్టీ ఊడి వేలాడుతోంది. కాకా, నేనూ రెండు రోజులు కష్టపడి పట్టీ విప్పి, పాత జిగురు గీకేసి, నీళ్లు దిగకుండా కొత్త సీలెంట్ పెట్టి బిగించాం.

వారం తిరగకుండానే బండి వెనక్కొచ్చింది. కడిగితే మంచం తడిసిందట. అర్బాబ్, అంటే మా గ్యారేజీ యజమాని, మండిపడ్డాడు.

"ఇస్తారీ, ఈ బండికి నువ్వే జవాబుదారు. ఇంకోసారి కారితే ఖలాస్. టికెట్ తీస్తా, ఇంటికి పో!"

యాభై నాలుగేళ్ల మనిషికి ఇంకో వీసా ఎవడిస్తాడు? నాకు కోపం ఆగలేదు.

"కప్పు మీది కిటికే కారుతుంటది కాకా! మన పనికేమైంది? పోయి మొకం మీదనే చెప్పు!"

"సూసి చెప్దాం తియ్," అన్నాడు.

రూమ్‌కు పోయి వంట పసుపు డబ్బా తెచ్చాడు. పాత బనియన్లు పట్టీలుగా చింపి, పసుపు నీళ్లలో ముంచి ఎండేశాడు. ఇబ్రి ఎండకు ఎంతసేపు! ఆరిన గుడ్డల్ని బండి లోపల కిటికీ చుట్టూ, అతుకు పొడవునా అంటించాడు. బకెట్‌లో సబ్బుపొడి కలిపాడు.

"ఏందే, బండికి దిష్టి తీస్తున్నవా?" అని నవ్వాను.

"కూర మరక మీద సబ్బు పడితే ఎర్రగయితది గదా. నీళ్లు యాడికెల్లి వస్తున్నయో అదే చెప్తది. నిచ్చెనెక్కి పొయ్యి."

ముందు కిటికీ మీద పోశాను. లోపలి నుంచి "ఏం లేదు" అన్నాడు. పట్టీ వెంబడి మగ్గుమగ్గు పోసుకుంటూ వెనక మూలకు వచ్చాను.

"ఆగు."

దిగి లోపలికి వెళ్లాను. మూల గుడ్డ మీద రూపాయి బిళ్లంత ఎర్ర చుక్క, చూస్తుండగానే పెద్దదవుతోంది.

ఆ మూల బిగించింది నేనే. సీలెంట్‌లో ముంచకుండా ఒక్క స్క్రూ ఎక్కించొద్దని కాక లక్షసార్లు చెప్పాడు. పట్టీ బిగించిన ఆ మధ్యాహ్నం నా చెవిలో ఇయర్‌ఫోన్, ఫోన్‌లో నా భార్య కవిత. పిల్లల ముచ్చట వింటూ చివరి మూడు స్క్రూలు పొడిగానే ఎక్కించేశాను.

ఇంతలో అర్బాబ్ తలుపు దగ్గరికి వచ్చాడు. "ఏమైంది?"

"తప్పు మాదే అర్బాబ్. నా చేతి పని," అన్నాడు కాక.

ఎప్పుడూ ఆగని నా నోరు అప్పుడు పెగల్లేదు. సిగ్గేసింది. అర్బాబ్ టికెట్ కోసం ఫోన్ తీయబోతుంటే అప్పుడొచ్చింది మాట.

"కాదు అర్బాబ్! ఈ మూల నేను బిగించిన. కాకకు ఎరుకే లేదు."

అర్బాబ్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "సాయంత్రం లోపు బాగు చెయ్యండి. కారిందో, ఇద్దరికీ టికెట్," అని వెళ్లిపోయాడు.

మూడు స్క్రూలూ పీకి, సీలెంట్ నింపి, నేనే బిగించాను. నా ఫోన్ తీసి ముందే కాక జేబులో పెట్టాను. ఎండలో ఆరబెట్టి, పొద్దు గూకే ముందు కొత్త గుడ్డ అంటించి నాలుగు బకెట్లు పోశాం. గుడ్డ పసుపుగానే ఉంది. అర్బాబ్ వేలితో తడిమి చూసి, మాస్టారికి ఫోన్ చేశాడు.

చేతులు కడుక్కుంటూ అడిగాను. "గా మూల మీద నీకు ముందే అనుమానం ఉండెనా కాకా?"

"ఉండె. ఉత్త అనుమానం మీద నీ పేరెట్ల చెప్తరా?"

"మరి చుక్క సూసినంక గూడ నీ మీదెందుకు ఏసుకుంటివి?"

"నువ్వు చెప్తవో లేదో సూద్దామని."

"చెప్పకపోతే?"

"నేనే ఇంటికి పోయెటోణ్ణి," అని పసుపు డబ్బా మూత బిగించాడు.