మా ఆయన మీద పడ్డ దెబ్బ

సూరత్‌లో ఒక ఆడపిల్లల హోమ్‌లో నేను వార్డెన్‌ని. ఆ ఆదివారం మధ్యాహ్నం, భోజనాల దగ్గర, పదిహేనేళ్ల పిల్ల ఒకతి వాళ్లమ్మకు ఫోన్ చెయ్యమంది. చేశాను, ఎత్తలేదు. మళ్లీ చేశాను. "సాయంత్రం చూద్దాంలే బిడ్డా" అన్నానో లేదో, చేతిలో ఉన్న స్టీలు పళ్లెంతో నా నుదుటి మీద కొట్టింది. ఒక్కసారి కాదు, మూడుసార్లు. దేవుడా! పొద్దున నా చేత్తో జడలేసిన పిల్ల! నొప్పి తర్వాత తెలిసింది.

హోమ్ నడిపే మా మేడమ్ రిజిస్టర్‌లో 'జారిపడింది' అని రాసి ఊరుకుంది. ఆసుపత్రిలో ఐదు కుట్లు పడ్డాయి. నర్సు, ఫోన్ చేస్తే పరుగెత్తుకొచ్చిన మా ఆయన్ని ఎగాదిగా చూసి, "ఘర్‌వాలేనే మారా క్యా?" అని నన్నడిగింది. మొగుడు కొట్టాడా అని! ఒళ్లు మండింది. కాదన్నాను. అందరూ అలాగే అంటారంది.

మా ఆయనకి తప్ప ఇంకెవరికీ నిజం చెప్పలేను. హోమ్ పిల్లల సంగతులు బయట మాట్లాడకూడదు. పైగా ఆ పిల్ల తల్లి పర్వత్ పాటియాలో మా గల్లీలోనే ఉంటుంది, మాలాగే మగ్గాల పనికి వచ్చిన తెలుగువాళ్లే. రెండుసార్లు ఇల్లు విడిచి పారిపోయిన కూతుర్ని వచ్చే నెల తెచ్చుకోనా వద్దా అని ఊగిసలాడుతోంది. ఈ సంగతి తెలిస్తే ఇంక తెచ్చుకోదు.

ఇంటికొచ్చేసరికి గల్లీ అంతా గుమ్మం ముందే. పక్కింటి ముసలామె నా కట్టు చూసి మా ఆయన మీదికి లేచింది. "సిగ్గు లేదారా? ఆడిదాని నెత్తి పగలగొడ్తవా?"

"కాదవ్వా..." అంటూ ఆగిపోయాను. ఆ తల్లి కూడా అక్కడే ఉంది. నా ముఖంలోకి చూస్తూ అడిగింది, "అక్కా, హోమ్ల ఏమన్నయిందా? మా పిల్ల గిట్ల..."

"నేనే కొట్టిన" అన్నాడు మా ఆయన.

పదకొండేళ్ల కాపురంలో నా మీద చెయ్యెత్తని మనిషి! ముసలామె ఛీ అని ఉమ్మింది. ఆ తల్లి ఊపిరి పీల్చుకుని వెళ్లిపోయింది.

తలుపేశాక ఏడుపు ఆగలేదు. "గట్ల ఎందుకన్నవయ్యా?"

"నువ్వు నోరు తెరవకపోతివి. ఇంకేమనాలె?" నా కట్టు సరిచేస్తూ అడిగాడు. "మల్ల పోతవా ఆడికి?"

"పోతా."

"పో. గా పిల్ల మల్ల కొడితే ఇగ నేను ఒప్పుకునుడు గూడ అక్కర్లేదు. నేనే కొట్టిన్నని అందరికి తెలిసిపాయె."