ఎడమకే మళ్లే మా రోబో

మా చిన్నప్పటి రోబో ఎంత సరిచేసినా ఎడమకే మళ్లేది... స్విచ్ వేయగానే రెండు బారలు తిన్నగా పోయినట్టే పోయి, మెల్లగా వంకర తిరిగి, సైన్సు గది గోడకు గుద్దుకుని ఆగిపోయేది.

మాది రఘునాథపల్లి. నేను ఎనిమిదో తరగతి. మా సైన్సు సారు లింగమూర్తిగారు శనివారం సాయంత్రాలు ఒక క్లబ్బు నడిపేవారు. అందులో నేను, యాకూబ్, మంగి ఒక జట్టు.

రోబో అన్నానని పెద్దగా ఊహించుకోకండి. ఒక అట్టముక్క, రెండు మోటార్లు, నాలుగు సెల్లులు, పొడవాటి తీగ చివర స్విచ్... అంతే. జిల్లా సైన్సు ప్రదర్శనలో అది గీత తప్పకుండా పది గజాలు నడవాలి.

మోటార్లు నేను తెచ్చాను. మా కిరాణా దుకాణంలో మూలపడ్డ రెండు పాత టేప్ రికార్డర్ల నుంచి ఊడదీసినవి, రెండూ ఒక్కటేనని అందరికీ చెప్పాను. తీగలు కలపడం యాకూబ్ పని, వాళ్ల నాన్న రేడియోలు బాగుచేసేవాడు. చక్రాలు మంగివి. రోజూ లంబాడీ తండా నుంచి నడిచి వచ్చే పిల్ల... పాత స్లిప్పర్ల రబ్బరును బ్లేడుతో గుండ్రంగా కోసి చేసింది.

ఒక శనివారం మా రోబో బండి మళ్లీ గోడకు గుద్దుకుంది. తక్కిన పిల్లలంతా పకపకా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"చక్రాలు సక్కగ కోస్తె గద! తండోళ్లకు మిషిన్ల సంగతి ఏం తెలుస్తది?" అన్నాను, అందరికీ వినబడేలా.

మంగి బ్లేడును కాగితంలో చుట్టి, సంచీలో పెట్టుకుని వెళ్లిపోయింది.

తర్వాతి వారమే సమ్మె మొదలైంది. ప్రత్యేక రాష్ట్రం కోసం సార్లంతా బడి బంద్ పెట్టి, రోడ్డు పక్క టెంటులో కూర్చున్నారు. బస్సులు లేవు. నేనూ యాకూబూ మా దుకాణం వెనక గదిలో బండితో కుస్తీ పట్టాం. తీగలు మార్చాం, సెల్లులు మార్చాం... మళ్లీ ఎడమకే.

చివరికి టెంటుకు తీసుకెళ్లి సారుకు చూపించాం. ఆయన బండి వైపు చూడనే లేదు.

"మంగి ఏది?"

యాకూబ్ నా వైపు చూశాడు. నసుగుతూ జరిగింది చెప్పాను. సారు నా వైపు తిరిగారు.

"మన యాసను జూసి నవ్వుతున్నరని గద బిడ్డా, మనకు గింత కడుపుమంట. మరి నువ్వు గా పిల్లను అన్నదేంది? బండి సంగతి తర్వాత... ముందుగాల పోయి మంగిని కలువుండ్రి."

బండిని సంచీలో వేసుకుని తండాకు నడిచాం. మంగి వాళ్లమ్మతో చేన్లో పత్తి ఏరుతోంది. వాళ్లమ్మ తమ భాషలో ఏదో అడిగింది, మంగి ఒక్క మాటలో జవాబు చెప్పింది. నాకు అర్థం కాలేదు గానీ, నా గురించేనని తెలిసిపోయింది.

"తప్పయింది మంగీ..." అన్నాను.

తల ఎత్తలేదు. "గీ సాలు ఒడవాలె," అంది.

ఆ వరుస త్వరగా పూర్తవుతుందని మేమూ వంగి ఏరడం మొదలుపెట్టాం. పత్తికాయ అంచులు వేళ్లకు గుచ్చుకుంటాయని ఆ రోజే తెలిసింది నాకు. దుకాణంలో పెరిగిన పిల్లను కదా...

సాలు అయిపోయాక మంగి చేతులు దులుపుకుంది. "బండి తెచ్చిన్రా?"

వాళ్ల వాకిట్లో రెండుసార్లు నడిపించి చూసింది. తర్వాత చక్రాలు రెండూ పీకింది.

"ఎడమది కుడికి, కుడిది ఎడమకు ఏస్త. తప్పు చక్రంల ఉంటె గిప్పుడు కుడికి మల్లాలె."

మళ్లలేదు. మళ్లీ ఎడమకే పోయింది.

"గిప్పుడు మోటార్లు మార్చు యాకూబ్."

యాకూబ్ తీగలు విప్పి మోటార్లను అటుదిటు బిగించాడు. ఈసారి బండి కుడికి మళ్లింది.

ముగ్గురికీ ఒకేసారి అర్థమైంది. ఒక మోటారు రెండోదాని కంటే నెమ్మదిగా తిరుగుతోంది... రెండూ ఒక్కటేనని ఊరంతా చెప్పుకున్నది నేను. తప్పు నేను తెచ్చిన వస్తువులో ఉంది. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మంగి ఎత్తిపొడవలేదు. "మనకాడ గివ్వే ఉన్నయి మరి. మెల్లగ తిరిగేదానికి పెద్ద చక్రం ఏస్తె? ఒక చుట్టుకు ఎక్కువ దూరం పోతది గద."

పెద్ద చక్రానికి రబ్బరు కావాలి. నా కాలి స్లిప్పరు తీసి ఇచ్చాను.

"కొత్తది గదనే!"

"కొయ్యి," అన్నాను. అప్పుడు నవ్వింది.

మూడుసార్లు కోయాల్సి వచ్చింది, రెండో స్లిప్పరూ అయిపోయింది. యాకూబ్ దారంతో కొలిచేవాడు, మంగి కోసేది, నేను నడిపించి ఎంత మళ్లిందో చెప్పేదాన్ని. పొద్దు వాలేసరికి బండి ఒక పక్కకు ఒరిగినా తిన్నగా నడిచింది. నేను ఒట్టి కాళ్లతో ఇంటికొచ్చి అమ్మ చేత చీవాట్లు తిన్నాను.

రెండు రోజులకు హైదరాబాద్ రోడ్డు మీద వంటావార్పు నిరసన. ఒక్క బస్సూ లారీ తిరగడం లేదు. రోడ్డు నడుమనే రాళ్లు పెట్టి పొయ్యిలు వెలిగించారు. అంత నున్నటి, ఖాళీ నేల మాకెక్కడ దొరుకుతుంది? తెల్లగీత మీద రోబోను పెట్టి, స్విచ్ మంగి చేతికిచ్చాను. యాకూబ్ తీగ పైకి పట్టుకుని పక్కనే నడిచాడు.

పది గజాలు... ఇరవై... గీత వదల్లేదు. "ఓ పిల్లలూ, జర పొయ్యి కాడికి రానియ్యకుండ్రి!" అని ఒక అవ్వ గంటె ఊపుతూ అరిచింది. జనం చప్పట్లు కొట్టారు.

సారు వచ్చి, "ఎవలిదీ ఉపాయం?" అన్నారు.

"మంగిది సార్. తప్పు మోటార్లది... నేను తెచ్చినయి," అన్నాను.

"మంచిది. వచ్చి అన్నం తినుండ్రి," అన్నారంతే.

ఆ ఏడు సమ్మె వల్ల మేం ప్రదర్శనకు పోలేదు, బహుమతీ లేదు. మంగి ఇప్పుడు మహబూబాబాద్‌లో పిల్లలకు కరెంటు పని నేర్పుతుంది. పండక్కీ పబ్బానికీ కాదు... ఊరికే ఫోన్ చేసుకుంటాం.

మొన్న మా అన్న కూతురిని రోబోటిక్స్ క్లాసుకు తీసుకెళ్లాను. ఒక్కొక్కరికి ఒక్కో పెట్టె, ఒక్కో బల్ల. మోటార్లన్నీ సమానంగా తిరుగుతున్నాయి. గంటసేపు కూర్చున్నాను... ఒక్క పిల్ల కూడా పక్క పిల్లను ఏమీ అడగలేదు. అడగాల్సిన అవసరమే రాలేదు పాపం.

మీరూ ఎప్పుడైనా మాట జారి, నొచ్చుకున్న నేస్తాన్ని వెతుక్కుంటూ నడిచి వెళ్లారా? వెళ్లి ఉంటే ఆ పేరు కింద రాయండి... వెళ్లలేకపోయినా రాయండి.